శిస్తు సంచి మోసినోళ్ళం

పోయిన నెల హిందూపురంలో, మా సెకండియర్ క్లాసులో ఒక మాట పడింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ డబ్బు ఇంకా పడలేదని ఒక అమ్మాయి పక్కనున్న స్నేహితురాలితో చెప్పుకుంటోంది. వెనక బెంచీ నుంచి ఒక పిల్లవాడు నవ్వుతూ, "మా నాయన కట్టే టాక్సుతోనే కదా మీరు చదువుకునేది, కొంచెం ఓపిక పట్టండి" అన్నాడు. సగం క్లాసు నవ్వింది. ఆ అమ్మాయి ఏడవలేదు, ఎదురు మాట్లాడలేదు. పుస్తకం తెరిచి తల దించుకుంది.

ఆ తల దించుకోవడం నాకు బాగా తెలుసు. యూనివర్సిటీ హాస్టల్లో నేనూ అట్లే దించుకున్నా. పీహెచ్‌డీ అయ్యేదాకా ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. కోపం ఉండేది, లెక్క ఉండేది కాదు.

అందుకే ఆ పిల్లవాణ్ణి తిట్టలేదు. పాఠం పక్కన పెట్టి సుద్దముక్క తీసుకున్నా. "ఈ నెలలో ఎవరెవరు ఏమేం కొన్నారో చెప్పండ్రా" అన్నా. ఆ అమ్మాయి వాళ్ళమ్మ ఫోనుకు 299 రూపాయల రీచార్జి. అందులో 18 శాతం జీఎస్టీ అంటే 45 రూపాయల పైన పన్ను. ఆ పిల్లవాడి నాన్నదీ 299 రీచార్జే. ఆయన కట్టిందీ అదే 45. కానీ చీరల అంగడి ఉన్న ఆయనకు అది ఒక చిన్న బేరం కూడా కాదు. ఉపాధి పనికి పోయే ఆమెకు అది ఎండలో గంటకు పైగా గడ్డపార పని. సబ్బు, బిస్కెట్లు, చెప్పులు, బండికి పెట్రోలు అన్నీ బోర్డు మీద రాసుకుంటూ పోయాం. మా పేటల్లో మగవాళ్ళ కూలి సాయంత్రానికి ఏ అంగడికి పోతుందో, దాని మీద రాష్ట్ర ఖజానాకు ఏటా ఎన్ని వేల కోట్లు వస్తాయో కూడా చెప్పా. అక్కడ మాత్రం ఎవరూ నవ్వలేదు.

చివర ఆ పిల్లవాణ్ణి అడిగా. "మీ నాయన అంగట్లో చీర అమ్మితే జీఎస్టీ ఎవరు ఇస్తారు నాయనా?"

"కొన్నోళ్ళు సార్."

"మరి మీ నాయన చేసేది?"

"వసూలు చేసి గవర్మెంటుకు కడతాడు సార్."

"కట్టడం కాదు నాయనా, చేరవేయడం. తప్పేం కాదు, చట్టం చెప్పిన పనే. కానీ అది మోత."

మోత అన్న మాట నా నోట్లోంచి రాగానే మా తాత గుర్తొచ్చాడు. మిగతా గంట పాఠం చెప్పలేకపోయా. ఆ రోజు క్లాసులో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నా.

మా తాత పెనుకొండ తాలూకాలో ఒక పల్లెకు వెట్టి. ఇప్పటి పిల్లలకు వెట్టి అంటే కూలి లేని చాకిరీ అనే తెలుసు. సర్కారు లెక్కల్లో అదొక ఉద్యోగం పేరు కూడా. మునసబు, కరణం, తలారి, వెట్టి. కడాఖరి మెట్టు మాది. కిస్తు గడువు దగ్గర పడితే ఇంటింటి ముందూ దూరంగా నిలబడి "చావిడి కాడికి రావల్లంట రెడ్డీ, కిస్తు కట్టల్లంట" అని పిలవాలి. దండోరా వేయాలి. వసూలైన డబ్బును సంచిలో మూట కట్టి నెత్తిన పెట్టుకుని పెనుకొండ తాలూకా కచేరీ దాకా మోయాలి. మునసబు సైకిల్ మీద ముందు పోతాడు, తాత వెనక నడిచి పోతాడు.

మా అవ్వ ఈ ముచ్చట ఎప్పుడు చెప్పినా ఒకే మాటతో మొదలుపెట్టేది. "మీ తాత నెత్తిన ఊరి దుడ్డంతా ఉండె, బొడ్డున బీడీకి దుడ్డు లేకుండె."

ఊర్లో బావి దగ్గరికి రానివ్వని మనిషి నెత్తి మీద ఊరి రూపాయలన్నీ పెనుకొండ చేరేవి. రూపాయికి మైల అంటేది కాదు. కచేరీలో లోపల లెక్క పెడుతుంటే తాత బయట వేపచెట్టు కింద కూర్చునేవాడు. రసీదు మునసబుకు ఇచ్చేవాళ్ళు. ఉత్త సంచి తాతకు ఇచ్చేవాళ్ళు.

ఈ ఏర్పాటు ఎక్కడిదో తెలుసుకోవాలంటే కొంచెం వెనక్కి పోవాలి. 1800లో మా సీమ కంపెనీ చేతికి పోయింది. థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ కలెక్టరుగా ఉండి రైతువారీ శిస్తుకు గట్టి పునాది వేశాడు. రైతు రైతుకూ పట్టా, పట్టా పట్టాకూ శిస్తు. మన్రో మంచి దొరని సీమలో ఒకప్పుడు పిల్లలకు మన్రోలప్ప అని పేరు కూడా పెట్టుకున్నారు. మంచోడో చెడ్డోడో అది వేరే తగాదా. నేను చూసేది ఒకటే. పట్టా ఉన్నవాడే లెక్కలోకి వచ్చే మనిషి అయినాడు. మా తాతకు ఉన్నది వెట్టి మాన్యం. వెట్టి చేసినన్నాళ్ళే ఆ భూమి. ఆయన కట్టాల్సిన శిస్తు రూపాయల్లో కాదు, ఒంట్లో ఉంది. రాత్రీ పగలూ పిలిస్తే పోవడమే ఆయన కిస్తు. దానికి గడువు లేదు, రసీదు లేదు, కరువొచ్చిన ఏడాది మాఫీ కూడా లేదు.

ఊరి లెక్కల పుస్తకంలో మా తాత పేరు పన్ను కట్టినవాళ్ళ వరసలో లేదు. కట్టించినవాళ్ళ వరసలోనూ లేదు. మోసినవాళ్ళకు అసలు వరసే లేదు.

నేను పన్నుల నిరాకరణ ఉద్యమాల గురించి చదివింది ఈ తాత మనవడిగానే. మన సాహిత్యం పాఠాల్లో, చరిత్ర పాఠాల్లో అవి గర్వంగా వస్తాయి. రావాల్సినవే. చీరాల, పేరాల గ్రామాలను కలిపి మద్రాసు ప్రభుత్వం మున్సిపాలిటీ చేసింది. పన్నులు ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగాయి. చేనేత పనివాళ్ళు, చిన్న రైతులు నిండిన ఊళ్ళవి. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో 1921లో వేలాది మంది ఇళ్ళు ఖాళీ చేసి, ఊరి బయట పాకలు వేసుకుని రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. ఊరే లేకపోతే మున్సిపాలిటీ ఎవరి దగ్గర పన్ను వసూలు చేస్తుంది? ఎంత తెలివైన ధిక్కారం! ఎండకూ వానకూ ఓర్చి దాదాపు పదకొండు నెలలు నిలబడ్డారు. దుగ్గిరాలను జైల్లో పెట్టాక, జనం నలిగిపోయి తిరిగొచ్చారు.

ఆ వెంటనే గుంటూరు జిల్లా పెదనందిపాడు. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో రైతులు శిస్తు కట్టం అన్నారు. గ్రామాధికారులు రాజీనామాలు ఇచ్చారు. వసూలు చేసేవాడు లేక సర్కారు సైన్యాన్ని దించింది. పల్నాడులో అడవిలో పశువుల మేతకు పుల్లరి కట్టం అన్న కన్నెగంటి హనుమంతును 1922 ఫిబ్రవరిలో కాల్చి చంపారు. అదే నెలలో చౌరీచౌరా తర్వాత గాంధీ దేశమంతా ఉద్యమం ఆపేశాడు. పెదనందిపాడూ ఆగిపోయింది.

ఇవన్నీ న్యాయమైన పోరాటాలు. నేను ఒక్కటి కూడా తక్కువ చేయను. కానీ పెదనందిపాడు గురించి చదివేటప్పుడల్లా ఒక ప్రశ్న వదలదు. మునసబు రాజీనామా ఇచ్చిన పొద్దున ఆ ఊరి వెట్టి ఏం చేశాడు? సంచి మోయను అన్నాడా? అంటే ఆయన మాన్యం ఏమైంది? మునసబుల పేర్లు, నాయకుల పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. సంచి మోసినవాడి పేరు నేను వెతికా, నాకు దొరకలేదు. పన్ను కట్టనని చెప్పాలంటే ముందు నీ పేరు మీద పన్ను ఉండాలి. ధిక్కారానికి కూడా పట్టా కావాల్సి వచ్చింది.

అయితే మా తాత ధిక్కరించలేదా? ధిక్కరించాడు. మా నాయన పుట్టకముందు ఒక ఏడాది, ఊర్లో చచ్చిన ఎద్దును ఎత్తను అన్నాడు. ఎందుకన్నాడో అవ్వకూ సరిగ్గా తెలియదు. "ఎవురో పట్నం పోయొచ్చినోడు ఏందో చెప్పినాడంట, ఇంగ ఎత్తను అన్నాడు. నేను కాళ్ళు పట్టుకున్యా, ఇనలా" అనేది. మూడు రోజులు ఆ ఎద్దు అక్కడే ఉంది. నాలుగో రోజు పక్క ఊరి నుంచి మనుషుల్ని పిలిపించారు. ఆ తర్వాత మా గేరికి కూలి పిలుపు లేదు, అంగట్లో ఉప్పు లేదు, మేకలకు బీడు లేదు. మాన్యం వేరేవాళ్ళకు పోయింది. అవ్వ, తాత ధర్మవరం చేరింది అట్లా.

థోరో గురించి మా పిల్లలకు చెబుతుంటా. 1846లో అమెరికాలో బానిసత్వానికీ మెక్సికో యుద్ధానికీ నిరసనగా పన్ను కట్టక ఒక రాత్రి జైల్లో ఉన్నాడు. ఎవరో ఆయన తరఫున కట్టేశారు, పొద్దున బయటికి వచ్చాడు, తర్వాత గొప్ప వ్యాసం రాశాడు. ఆ వ్యాసం గాంధీ దాకా, మార్టిన్ లూథర్ కింగ్ దాకా పోయింది. మా తాతను ఎవరూ జైల్లో పెట్టలేదు. పెట్టి ఉంటే కేసు నంబరైనా ఉండేది. ఆయన తరఫున కట్టడానికి ఎవరూ రాలేదు. ఒంటి శిస్తును ఒకరి బదులు ఇంకొకరు కట్టలేరు కదా. 1927 మార్చిలో మహద్ సభలో అంబేడ్కర్ తన జనానికి చెప్పిన మాటల్లో చచ్చిన పశువుల్ని ఎత్తడం మానండి అన్నదీ ఉంది. అది చదివిన రోజు నాకు అర్థమైంది. మా తాతది మొండితనం కాదు. అది పన్నుల నిరాకరణ.

అవ్వ, తాత చేరిన ధర్మవరం మగ్గాల ఊరు. మగ్గం మీద పన్ను ఈనాటిది కాదు. కంపెనీ రోజుల్లో మొతుర్ఫా అని మగ్గం మీద, గానుగ మీద, చేతి పనుల మీద పన్ను ఉండేది. గాజుల లక్ష్మీనరసు చెట్టి పెట్టిన మద్రాసు నేటివ్ అసోసియేషన్ 1852లో బ్రిటిష్ పార్లమెంటుకు పంపిన అర్జీలో ఈ మొతుర్ఫా బాధ కూడా ఉంది. తర్వాత అది పోయింది. 2017 జూలై 1న జీఎస్టీతో చేనేత బట్ట మీద 5 శాతం వచ్చింది.

అప్పుడు దేశమంతా వస్త్ర వ్యాపారులు అంగళ్ళు మూసి నిరసన చేశారు. మా చిన్నాయన కొడుకు ధర్మవరంలో కూలి మగ్గం నేస్తాడు. నేను ఫోన్ చేసి, "మంచి పోరాటం జరుగుతాంది కదరా" అన్నా.

వాడు కొంచెంసేపు మాట్లాడలేదు. "అన్నా, అంగడి మూస్తే సేటుకు నిరసన, నాకు పస్తు. పన్ను పోతే చీర ధర సేటు చూసుకుంటాడు. పన్ను ఉంటే నా మజూరీలో చూసుకుంటాడు. నన్ను ఎవురన్నా అడిగినారా, మూద్దామా వద్దా అని?"

వాడు పన్నును సమర్థించడం లేదు. ఆ పన్ను తప్పే. కానీ నిరసన ఎవరి పేరు మీద జరుగుతోంది, దాని బరువు ఎవరి మీద పడుతోంది అన్నది వాడి ప్రశ్న. దానికి నా దగ్గర జవాబు లేదు. అయినా ఆ ప్రశ్న నేను నేర్చుకోలేదు. నేర్చుకుని ఉంటే ఐదేళ్ళకు ఆ తప్పు చేసేవాణ్ణి కాదు.

అది చెత్త పన్ను కాలం. మన రాష్ట్రంలో పట్టణాల్లో ఇంటింటికీ చెత్త ఎత్తినందుకు నెల నెలా రుసుము పెట్టారు. ఆస్తి పన్ను కడుతూనే మళ్ళీ ఇదేంటని జనం మండిపడ్డారు. అప్పుడు నేనుంటున్న ఊరి పేరు రాయను. మా వీధిలో మీటింగు పెడితే నేనే మాట్లాడా. చీరాల పేరాల చెప్పా. దుగ్గిరాల గురించి చెప్పా. "ఒక్క రూపాయి కూడా కట్టకండి" అన్నా. అందరూ చప్పట్లు కొట్టారు. మరుసటి వారం మా తలుపు తట్టింది ఎవరు? చేతిలో రసీదు పుస్తకం పట్టుకున్న వార్డు ఉద్యోగి, ఆయన పక్కన పారిశుధ్య కార్మికురాలు. నేను పౌరుడిగా నిటారుగా నిలబడి "మేం కట్టం" అన్నా. ఆయన రాసుకున్నాడు. ఆమె ఏమీ అనలేదు, నా చెత్త బుట్ట ఎత్తుకుని పోయింది.

ఆ రాత్రి మా పెద్దమ్మ ఫోన్ చేసింది. ఆమె ఇంకో ఊర్లో అదే పని చేస్తుంది. "ఒరే నాయనా, చెత్త ఎత్తేదీ నేనే, దుడ్డు ఎందుకు రాలేదని మాటలు పడేదీ నేనే. ఇంటోళ్ళు నా మొగాన తలుపేస్తాండారు, ఆఫీసోళ్ళు నీ వీధిలో వసూలు తక్కవ అంటాండారు. నువ్వు సదువుకున్నోడివి కదా, వాళ్ళకు సెప్పు, నా మీద అరవొద్దని."

మీ వీధిలో కట్టొద్దని చెప్పింది నాలాంటివాడే పెద్దమ్మా అని నేను అనలేకపోయా.

ఎనభై ఏళ్ళ కిందట తాత కిస్తుకు పిలిచాడు. ఇప్పుడు పెద్దమ్మ చెత్త పన్ను కోసం తలుపు ముందు నిలబడింది. మధ్యలో 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాయి, రాజ్యాంగం వచ్చి డెబ్బై ఏళ్ళు దాటింది. సంచి మాత్రం మా ఇంట్లోనే ఉంది. కొన్ని ఊర్లలో కట్టనివాళ్ళ అంగళ్ళ ముందు చెత్త పోయించారని పేపర్లలో వచ్చింది. పోసింది ఎవరి చేతులు? మళ్ళీ ఎత్తింది ఎవరి చేతులు?

2024లో ప్రభుత్వం మారాక ఆ పన్ను రద్దయింది. మంచిదే. నిరాకరించిన జనం తప్పు చేయలేదు. కానీ ఇంకో సంగతి గుర్తు చేసుకోండి. 2023 డిసెంబరు ఆఖర్లో మున్సిపల్ కార్మికులు రాష్ట్రమంతా సమ్మెకు దిగారు. అప్పుడు మా వీధి వాట్సాప్ గ్రూపులో, నా ఉపన్యాసానికి చప్పట్లు కొట్టినవాళ్ళే, వాసన భరించలేకపోతున్నాం అనీ, వీళ్ళకు బాధ్యత లేదు అనీ రాశారు. చెత్త పన్ను కట్టం అంటే అది పౌర హక్కు. చెత్త ఎత్తం అంటే అది మొండితనం. మా తాత ఎద్దును ఎత్తను అన్నప్పుడు ఊరు అన్న మాట కూడా ఇదే అయి ఉంటుంది.

ఇక్కడ ఒక అడ్డు ప్రశ్న వస్తుంది. విద్యార్థి సంఘాల మీటింగుల్లో నన్ను చాలాసార్లు అడిగారు కూడా. 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేడ్కర్ శాసనోల్లంఘన, సహాయ నిరాకరణ, సత్యాగ్రహ పద్ధతుల్ని ఇక వదిలిపెట్టాలని చెప్పాడు కదా, మనం వాటి గురించి ఎట్లా మాట్లాడతాం అని. చెప్పిన మాట నిజం. రాజ్యాంగ మార్గాలు తెరిచి ఉన్నప్పుడు ఆ దారులకు సమర్థన లేదన్నాడు. అదే ప్రసంగంలో ఇంకో హెచ్చరికా ఉంది. రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం పెట్టుకుని బతకబోతున్నామనీ, ఈ వైరుధ్యాన్ని త్వరగా తీసేయకపోతే దాన్ని అనుభవించేవాళ్ళే ఈ కట్టడాన్ని కూలుస్తారనీ. మొదటి మాట మనకు చెప్పేవాళ్ళు రెండో మాట ఎగ్గొడతారు.

నాకు అర్థమైంది ఇంత. ఆయన ధిక్కారానికి వ్యతిరేకి కాదు, లెక్క లేని ధిక్కారానికి వ్యతిరేకి. ఆయన ముందు ఆర్థికవేత్త. 1927లో బొంబాయి శాసనమండలిలో బడ్జెట్ మీద మాట్లాడుతూ, ఆదాయం లేనివాడికి ఆదాయపు పన్ను లేదు, మరి పంట పండినా ఎండినా చిన్న రైతుకు శిస్తు ఎందుకు తప్పదు అని నిలదీశాడు. పన్ను ఎవరి మీద పడుతుందో, ఎవరు తప్పించుకుంటారో చూడమన్నాడు. ఈ దేశంలో 2015లో సంపద పన్ను తీసేశారు. 2019లో కంపెనీల పన్ను రేటు 30 నుంచి 22 శాతానికి తగ్గించారు. రీచార్జి మీద 18 శాతం మాత్రం అట్లాగే ఉంది.

పైగా జీఎస్టీని నిరాకరించడానికి మనకు చోటే లేదు. ఉప్పు పన్నును ధిక్కరించాలంటే సముద్రం ఒడ్డున ఉప్పు వండొచ్చు. శిస్తును ధిక్కరించాలంటే చావిడికి పోకుండా ఉండొచ్చు. ధరలోనే కలిసిపోయిన పన్నును ఏ గడప దగ్గర నిలబడి కట్టను అంటావు? అందుకే మనం చేయాల్సిన మొదటి పని మనమూ కడుతున్నామని లెక్కతో సహా చెప్పడం. రెండో పని ఆ డబ్బు ఎటు పోయిందని అడగడం. ఎస్సీ జనాభా వాటా ప్రకారం నిధులు ఖర్చు పెట్టాలని 2013లో మన ఉమ్మడి రాష్ట్రంలో సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. ఎన్నో ఏళ్ళ పోరాటంతో వచ్చింది. మన కాలనీ పేరు మీద ఏ ఏడాది ఎంత రాశారు, ఎంత ఖర్చు పెట్టారు అని సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు పెట్టండి. ఇది చిన్న పని కాదు. సంచి మోసినవాడి మనవడు రసీదు అడగడం.

మూడోది, నేను చెంపలేసుకుని చెబుతున్నది. రేపు ఏ పన్ను మీదైనా, ఏ రుసుము మీదైనా కట్టం అని నిలబడే రోజు వస్తే, మీటింగు పెట్టకముందే వసూలుకు వచ్చే మనిషి దగ్గరికి పోండి. ఆమెతో కూర్చోండి. ఆమె సంఘాన్ని పిలవండి. "కట్టం" అనే మాటా "మోయం" అనే మాటా ఒకే వేదిక మీంచి రావాలి. ఒకటి లేకుండా ఇంకొకటి వస్తే ఆ బరువు మళ్ళీ మా నెత్తికే వస్తుంది.

నా జీతం చీటీలో నెల నెలా వృత్తి పన్ను 200 రూపాయలు కోత పడుతుంది. మా వంశంలో కట్టినట్టు కాగితం ఉన్న మొదటి పన్ను అదే. మొదటి చీటీ అందిన రోజు తోటి లెక్చరర్లు కోత చూసి విసుక్కున్నారు. నేను ఆ కాగితం ఇంటికి తీసుకుపోయి అవ్వకు చూపించా. అప్పటికి ఆమెకు చూపు తగ్గింది. వేలితో తడిమి, "మన పేరుండాదా దీంట్లో?" అని అడిగింది. ఉంది అవ్వా అన్నా.

ఆ రోజు క్లాసు అయ్యాక ఆ అమ్మాయి బోర్డు దగ్గరికి వచ్చింది. తుడిచేస్తానేమో అనుకున్నా. నోటుపుస్తకం తీసి, 299 దగ్గర మొదలుపెట్టి లెక్కంతా ఎక్కించుకుంది. వెనక బెంచీ పిల్లవాడు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. "సార్, మా నాయన మోసేవాడు అంటే మరి ఆయన్ను అందరూ టాక్స్‌పేయర్ అని ఎందుకంటారు సార్?" అని అడిగాడు.

మా తాతను ఎందుకు అనలేదో ముందు తెలుసుకో నాయనా, రేపు రా చెబుతా అన్నా.

జై భీమ్.